ఉదాహరణల జాబితాలో "అండ్", "ఆర్" (ఆంగ్ల వ్యాకరణము)

ఉదాహరణల జాబితాలో "అండ్", "ఆర్" ఎంపిక ఆంగ్ల వ్యాకరణములో ఒక అంశము. ఒక వర్గానికి చెందిన వాటిని ఉదాహరణలుగా వరుసగా చెప్పినప్పుడు, చివరి పదానికి ముందు "అండ్" అనే సముచ్చయమును ఉంచాలా, "ఆర్" అనే వికల్పమును ఉంచాలా అన్నది ఇందులోని ప్రశ్న. తెలుగులో "వంటి", "మొదలైన" అనే పదాలతో ముగిసే జాబితాలకు సాధారణముగా ఏ సంధాయక పదమూ అవసరము లేదు. అందువలన తెలుగు మాతృభాషగా గలవారు ఆంగ్లములో వ్రాసేటప్పుడు తెలుగు వాక్యములో కనిపించని ఒక నిర్ణయమును తామే తీసుకోవలసి వస్తుంది. కథలోనో ఉత్తరములోనో ఈ పదము తారుమారైనా పెద్ద నష్టము ఉండదు. దరఖాస్తులు, నోటీసులు, చట్టాల విషయములో మాత్రము "అన్నీ కావాలా, ఒకటి చాలా" అన్నది ఈ ఒక్క పదము మీదనే ఆధారపడి ఉండవచ్చు.

ఈ వ్యాసములో ఆంగ్ల ఉదాహరణలు తెలుగు లిపిలో ఇవ్వబడినవి. "ఆర్" అని ఉన్న ప్రతి చోటా అది "లేదా" అనే అర్థమిచ్చే పదమే. అదే ఉచ్చారణకు దగ్గరగా ఉండే బహువచన క్రియను ఇక్కడి ఉదాహరణలలో ఉపయోగించలేదు.

పరిభాష

రెండు లేక అంతకంటే ఎక్కువ పదాలను కలిపి చెప్పడమును సముచ్చయము అంటారు. వాటిలో ఏదో ఒకటి అని చెప్పడము వికల్పము. ఆంగ్లములో మొదటి పనికి "అండ్", రెండవ పనికి "ఆర్" ముఖ్యమైన పదాలు. పాఠశాల వ్యాకరణాలు ఈ రెండింటినీ "కంజంక్షన్లు" అంటాయి. రోడ్నీ హడల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ 2002లో వెలువరించిన కేంబ్రిడ్జి ఆంగ్ల వ్యాకరణము వీటిని "కోఆర్డినేటర్లు" అని వ్యవహరించినది.

ఉదాహరణలను మొదలుపెట్టే ఆంగ్ల పదాలలో "సచ్ యాజ్", "లైక్", "ఫర్ ఎగ్జాంపుల్", "ఇన్‌క్లూడింగ్" ముఖ్యమైనవి. వ్రాతలో కనిపించే "ఇ.జి." అనే పొట్టి రూపము లాటిన్ భాషలోని "ఎగ్జెంప్లీ గ్రాతియా" నుండి వచ్చినది, దాని అర్థము "ఉదాహరణకు". దీనిని "ఐ.ఇ."తో పొరబడుతుంటారు. అది "ఇద్ ఎస్త్" అనే లాటిన్ మాట, అర్థము "అనగా". మొదటి దాని తరువాత వచ్చేది అసంపూర్ణమైన జాబితా. రెండవ దాని తరువాత వచ్చేది పూర్తి వివరణ.

పూర్తి జాబితా, ఉదాహరణల జాబితా

సంధాయకమును ఎంచుకొనే ముందు, మన ముందున్నది పూర్తి జాబితాయా, ఉదాహరణల జాబితాయా అన్నది తేల్చుకోవాలి. దీనికి నారాయణఖేడ్ చరిత్రలోనే ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. నారాయణఖేడ్ ప్రస్తుతము తెలంగాణ రాష్ట్రములోని సంగారెడ్డి జిల్లాకు చెందిన పట్టణము, మండల కేంద్రము. 1956కు ముందు ఇది హైదరాబాదు రాష్ట్రములోని బీదరు జిల్లాలో ఒక తాలూకా. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టము హైదరాబాదు రాష్ట్రము నుండి ఆంధ్ర ప్రదేశ్‌లోకి చేరవలసిన ప్రాంతాలను జిల్లాలు, తాలూకాలు, సర్కిళ్ళ వారీగా పేర్కొన్నది. బీదరు జిల్లా నుండి చేరినవి నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలు, నారాయణఖేడ్ తాలూకా. 1956 నవంబరు 1న ఈ మార్పు అమలులోకి వచ్చినది.

ఇది ఉదాహరణల జాబితా కాదు. చెప్పినవన్నీ చేరుతాయి, చెప్పనిది ఏదీ చేరదు. అందుకే చట్టములోని ఆంగ్ల పాఠము చివరి పేరుకు ముందు "అండ్" వాడినది. అక్కడ "ఆర్" ఉన్నట్లయితే ఏ తాలూకా ఏ రాష్ట్రానికి చెందుతుందో తేలదు. "సచ్ యాజ్" ఉన్నట్లయితే పేరు చెప్పని తాలూకాలు కూడా చేరుతాయా అనే సందేహము మిగులుతుంది. పూర్తి జాబితాలో సంధాయకము హద్దు గీస్తుంది. ఉదాహరణల జాబితాలో హద్దును గీసేది ముందున్న వర్గ నామము. ఉదాహరణలు ఆ వర్గము ఎటువంటిదో తెలుపుతాయి, అంతే. కనుక ఉదాహరణల జాబితాలో "అండ్", "ఆర్" రెండింటికీ చోటు ఉన్నది. ఏది తగునో మిగిలిన వాక్యము నిర్ణయిస్తుంది.

తెలుగులో ఉదాహరణల జాబితా

గ్రాంథిక తెలుగులో సముచ్చయమునకు "ను", "యు" అనేవి ప్రతి పదము చివర చేరతాయి. "రాముడును లక్ష్మణుడును" అన్నది దీనికి ఉదాహరణ. వ్యవహార భాషలో ఇవి చివరి అచ్చు దీర్ఘముగా మారి "రాముడూ లక్ష్మణుడూ" అవుతుంది. వికల్పమునకు "ఓ" ప్రత్యయము, "కాని", "గాని", "లేదా", "లేక" అనేవి ఉన్నాయి. "రేపో ఎల్లుండో", "బస్సులో గానీ జీపులో గానీ" అన్నవి నిత్యము వినబడే ప్రయోగాలు.

ఆంగ్లములో సంధాయకము ఒక్కసారి, చివరి పదానికి ముందు వస్తుంది. తెలుగులో ప్రత్యయము ప్రతి పదానికీ చేరుతుంది. పదాల మధ్య "మరియు" చేర్చే అలవాటు ఆంగ్ల అనువాదాలతో, పత్రికలు, ప్రభుత్వ పత్రాలతో బాగా పెరిగినది. పాత తెలుగులో "మరియు" ప్రధానముగా "ఇంకను", "అంతేకాక" అనే అర్థములో వాక్యాలను కలిపేది.

ఉదాహరణలు చెప్పేటప్పుడు ఈ ప్రత్యయాలు కూడా తొలగిపోతాయి. "పత్తి, కంది, జొన్న వంటి పంటలు" అన్నప్పుడు పదాల మధ్య విరామము తప్ప మరేమీ ఉండదు. "వంటి" అనే ఒక్క పదము మూడు పేర్లనూ ఒక కట్టగా కట్టి "పంటలు" అనే వర్గానికి తగిలిస్తుంది. "మొదలైన", "మున్నగు", "లాంటి", "తదితర" అనేవి కూడా ఈ పనే చేస్తాయి. ఈ క్రింది మూడు వాక్యాలను పోల్చి చూడవచ్చును.

1. ఇక్కడ పత్తి, కంది, జొన్న వంటి పంటలు పండుతాయి.
2. ఈ చేనులో పత్తి, కంది, జొన్న వంటి పంట ఏదైనా వేయవచ్చు.
3. ఈ చేనులో పత్తి, కంది, జొన్న వంటి పంటలేవీ వేయలేదు.

మూడింటిలోనూ "పత్తి, కంది, జొన్న వంటి" అనే భాగము ఒక్కటే. భేదమంతా "పండుతాయి", "ఏదైనా", "ఏవీ వేయలేదు" అనే మాటలలో, అంటే వాక్యము చివరన ఉన్నది. ఆంగ్లములో మొదటి వాక్యానికి "అండ్", మిగిలిన రెండింటికీ "ఆర్" కావాలి. తెలుగులో చివరకు చెప్పే విషయమును ఆంగ్లములో జాబితా మధ్యలోనే చెప్పవలసి వస్తున్నది. తెలుగు విద్యార్థికి కష్టము కలిగేది ఇక్కడే. అతనికి అర్థభేదము తెలియక కాదు, ఆ భేదమును అతని భాష మరొక చోట ఉంచినది.

నారాయణఖేడ్ ప్రాంత భాషలలో

నారాయణఖేడ్ ప్రాంతము కర్ణాటకలోని బీదరు జిల్లాకు దగ్గరగా ఉన్నది. ఇక్కడ తెలుగుతో పాటు కన్నడము, ఉర్దూ, మరాఠీ, లంబాడీ వినబడతాయి. అందువలన ఒకే జాబితాను వేర్వేరు పద్ధతులలో చెప్పడము ఇక్కడి వారికి పరిచయమే.

* కన్నడము: తెలుగు వలెనే ప్రతి పదము చివర "ఊ" చేరుతుంది. "మత్తు" అంటే మరియు, "అథవా" అంటే లేదా.
* ఉర్దూ: "ఔర్", "యా" అనేవి పదాల మధ్య వస్తాయి. దక్కనీ మాటలో "ఔర్"కు బదులు "హోర్" అంటారు.
* మరాఠీ: "ఆణి", "వ" సముచ్చయానికి, "కింవా" వికల్పానికి వాడతారు.

ఉర్దూ, మరాఠీలలో సంధాయకము పదాల మధ్య నిలబడుతుంది కనుక అవి ఈ విషయములో ఆంగ్లానికి దగ్గరగా ఉన్నాయి. ఇంటిలోనో బజారులోనో ఉర్దూ మాట్లాడే విద్యార్థికి "ఔర్, యా" భేదమును గుర్తు చేసి "అండ్, ఆర్" భేదమును బోధించవచ్చును.

తెలుగులో స్థిరపడిన "వగైరా" అనే మాట కూడా ఇక్కడ గమనించదగినది. ఇది అరబ్బీ నుండి పారశీక, ఉర్దూ భాషల ద్వారా వచ్చినది. ఇందులోని "వ" అరబ్బీలో "మరియు" అనే అర్థమిచ్చే పదమే. మొత్తము మాటకు "మరియు తక్కినవి" అని అర్థము. భూమి పత్రాలలో ఒకరి పేరు తరువాత "వగైరా" అని వ్రాయడము తెలంగాణలో పరిపాటి. ఆ పత్రములో పేరు కనిపించని భాగస్వాములు కూడా ఉన్నారని ఆ ఒక్క మాట తెలుపుతుంది.

"అండ్" వాడవలసిన సందర్భాలు

వర్గ నామము బహువచనములో ఉండి, వాక్యము ఆ వర్గము మొత్తమునకు వర్తించే విషయమును చెబుతున్నప్పుడు "అండ్" వాడతారు.

* "క్రాప్స్ సచ్ యాజ్ కాటన్, రెడ్‌గ్రామ్ అండ్ జోవార్ గ్రో హియర్." పత్తీ పండుతుంది, కందీ పండుతుంది, జొన్నా పండుతుంది.
* "షి స్పీక్స్ లాంగ్వేజెస్ లైక్ తెలుగు, కన్నడ అండ్ మరాఠీ." ఆమె మూడూ మాట్లాడుతుంది, ఇంకా కొన్ని మాట్లాడవచ్చు.

తెలుగు వాక్యములో ప్రతి పదము చివర "ఊ" చేర్చి చూసినప్పుడు అర్థము చెడకపోతే ఆంగ్లములో "అండ్" సరిపోతుంది.

"ఆర్" వాడవలసిన సందర్భాలు

వర్గ నామము ఏకవచనములో ఉన్నప్పుడు: "ఎ పల్స్ సచ్ యాజ్ రెడ్‌గ్రామ్ ఆర్ గ్రీన్‌గ్రామ్" అంటే కంది లేదా పెసర వంటి ఒక పప్పుధాన్యము. ఒక పప్పుధాన్యము ఏకకాలములో కందీ పెసరా కాజాలదు కనుక ఇక్కడ "అండ్" పొసగదు. ముందు "ఎ", "యాన్", "ఎనీ", "ఈచ్" వంటి పదము ఉన్నదా అని చూడడము అన్నింటికంటే సులభమైన పరీక్ష.

ఎంపికను, అనుమతిని తెలిపేటప్పుడు: "యు మే గ్రో ఎ క్రాప్ లైక్ కాటన్ ఆర్ జోవార్" అన్నప్పుడు ఏదైనా వేసుకొనే స్వేచ్ఛ ఉన్నదని అర్థము. అనుమతి వాక్యాలలో "ఆర్" విచిత్రముగా ప్రవర్తిస్తుంది. "టీ ఆర్ కాఫీ తీసుకోవచ్చు" అన్నప్పుడు టీకీ అనుమతి ఉన్నది, కాఫీకీ అనుమతి ఉన్నది. అంటే వికల్ప పదము వాడినా రెండు అనుమతులూ లభిస్తాయి. తత్త్వవేత్త హాన్స్ కాంప్ 1973లో దీనిపై వ్రాసిన వ్యాసము తరువాత ఇది అర్థశాస్త్రములో, అంటే భాషార్థ పరిశీలనలో, ప్రసిద్ధ సమస్య అయినది.

ప్రశ్నలలో, షరతులలో: "ఇఫ్ యు సీ సింప్టమ్స్ సచ్ యాజ్ ఫీవర్, కాఫ్ ఆర్ హెడేక్" అంటే వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అని అర్థము. ఇక్కడ "అండ్" వ్రాస్తే మూడూ ఉంటేనే వైద్యుని వద్దకు వెళ్ళాలని చదువరి భావించే అవకాశము ఉన్నది. ఆరోగ్య సూచనలలో ఇది చిన్న తేడా కాదు.

వ్యతిరేక వాక్యాలలో ఎంపిక

వ్యతిరేకార్థము జాబితాకు ముందు వచ్చినప్పుడు ఆంగ్లములో "ఆర్" వాడతారు. "హి డస్ నాట్ గ్రో క్రాప్స్ సచ్ యాజ్ కాటన్ ఆర్ ప్యాడీ" అంటే పత్తి గానీ వరి గానీ పండించడని అర్థము. తెలుగు కూడా వ్యతిరేక వాక్యాలలో "గానీ... గానీ" అనే వికల్ప రూపమునే ఇష్టపడుతుంది. కనుక ఈ నియమము తెలుగువారికి కొత్తది కాదు.

జాబితా వాక్యము మొదట కర్తగా ఉండి, వ్యతిరేకార్థము తరువాత వస్తే "అండ్" సహజము. "క్రాప్స్ సచ్ యాజ్ కాటన్ అండ్ ప్యాడీ డు నాట్ గ్రో హియర్" అన్నది సరైన వాక్యమే. "నాట్" అనే పదము జాబితాకు ముందున్నదా, వెనుకనున్నదా అని చూడాలి.

దీనికి వెనుక ఉన్న తర్క నియమమును డీ మోర్గాన్ నియమము అంటారు. "క గానీ ఖ గానీ లేదు" అన్నా, "క లేదు, ఖ కూడా లేదు" అన్నా ఒకటే. "క, ఖ రెండూ కలిసి లేవు" అంటే మాత్రము ఏదో ఒకటి ఉండవచ్చు. ఈ నియమానికి పేరునిచ్చిన గణిత శాస్త్రవేత్త ఆగస్టస్ డీ మోర్గాన్ 1806లో మన దేశములోని మదురైలో జన్మించాడు.

దరఖాస్తులు, నోటీసులు

ధ్రువపత్రాలు అడిగే ఆంగ్ల నోటీసులలో ఈ ఎంపిక నేరుగా ప్రజల మీద ప్రభావము చూపుతుంది. "ఎ డాక్యుమెంట్ సచ్ యాజ్ ఆధార్ కార్డ్, రేషన్ కార్డ్ ఆర్ పాస్‌పోర్ట్" అని ఉంటే ఒకటి చాలు. "డాక్యుమెంట్స్ సచ్ యాజ్ ఆధార్ కార్డ్, రేషన్ కార్డ్ అండ్ పాస్‌పోర్ట్" అని ఉంటే అన్నీ తేవాలా, వాటిలో కొన్ని చాలా, అటువంటి మరొకటి తెచ్చినా ఒప్పుకొంటారా అన్నది స్పష్టముగా తెలియదు. పాస్‌పోర్టు లేని మనిషి అర్హత ఉండి కూడా వెనుదిరిగే ప్రమాదము ఉన్నది.

ఇటువంటి చోట "సచ్ యాజ్" మానివేసి "ఎనీ వన్ ఆఫ్ ద ఫాలోయింగ్" (క్రింది వాటిలో ఏదైనా ఒకటి) లేదా "ఆల్ ఆఫ్ ద ఫాలోయింగ్" (క్రిందివన్నీ) అని వ్రాయడము మేలు. ఓటరు గుర్తింపు కార్డు తేలేని ఓటర్ల కొరకు భారత ఎన్నికల సంఘము ప్రత్యామ్నాయ పత్రాల జాబితాను ప్రకటిస్తూ, వాటిలో ఏదో ఒకటి చూపితే చాలునని చెప్పడము ఈ పద్ధతికి ఉదాహరణ.

చట్టాలలో, న్యాయస్థానాలలో

భారత రాజ్యాంగములోని 15వ అధికరణము మొదటి భాగము మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అనే కారణాలపై మాత్రమే పౌరుల పట్ల రాజ్యము వివక్ష చూపరాదని చెబుతుంది. ఆంగ్ల పాఠములో జాబితా చివర "ఆర్" ఉంచి, "వాటిలో ఏ ఒక్కటైనా" అనే అర్థమిచ్చే మాటలను కూడా చేర్చారు. అన్ని కారణాలూ కలిస్తేనే వివక్ష అవుతుందనే వాదనకు ఆ విధముగా చోటు లేకుండా పోయినది. 16వ అధికరణము రెండవ భాగములో కూడా ఇదే పద్ధతి కనిపిస్తుంది.

సందర్భమును బట్టి "అండ్"ను "ఆర్"గా చదువుకొనే వీలు కూడా న్యాయస్థానాలకు ఉన్నది. 1940 నాటి ఔషధాల చట్టములోని నిర్వచనముపై వచ్చిన ఈశ్వర్ సింగ్ బింద్రా కేసులో భారత సుప్రీం కోర్టు 1968లో ఈ సూత్రమును అనువర్తించినది.

అమెరికాలో పల్సిఫర్ కేసు వ్యతిరేక వాక్యములోని "అండ్" గురించినదే. 2018 నాటి ఒక చట్టము ప్రకారము, గత నేరాలకు సంబంధించిన మూడు అంశాలు "లేని" ముద్దాయికి కనీస శిక్ష నుండి మినహాయింపు లభించవచ్చు. ఆ మూడింటి మధ్య చట్టములో "అండ్" ఉన్నది. మూడూ కలిసి ఉన్నవారికే మినహాయింపు పోతుందా, ఏ ఒక్కటి ఉన్నా పోతుందా అన్నది ప్రశ్న. 2024 మార్చి 15న అమెరికా సుప్రీం కోర్టు 6-3 ఆధిక్యతతో ఏ ఒక్కటి ఉన్నా మినహాయింపు లభించదని తీర్పు చెప్పినది. ఆధిక్య తీర్పును న్యాయమూర్తి ఎలీనా కేగన్, భిన్నాభిప్రాయమును న్యాయమూర్తి నీల్ గోర్సచ్ వ్రాశారు. ఒక్క పదమును ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధాలుగా చదవగా, దానిపై అనేకమంది ఖైదీల శిక్షా కాలము ఆధారపడినది.

"అండ్/ఆర్", "ఎట్సెటరా"

రెండు అర్థాలూ కావాలనుకొన్నవారు "అండ్/ఆర్" అని వ్రాస్తుంటారు. ఇది వ్యాపార పత్రాల నుండి వచ్చినది. 19వ శతాబ్దము నడిమి నాటికే ఇంగ్లండులోని న్యాయస్థానాలు దీని అర్థమును తేల్చవలసి వచ్చినది. ఉదాహరణల జాబితాలో దీని అవసరము దాదాపు ఉండదు. "సచ్ యాజ్" అన్నప్పుడే జాబితా అసంపూర్ణమని తెలిసిపోతుంది.

ఇదే కారణముగా "సచ్ యాజ్"తో మొదలైన జాబితా చివర "ఎట్సెటరా" చేర్చడము పునరుక్తి. "అండ్ ఎట్సెటరా" మరొక పునరుక్తి. లాటిన్‌లో "ఎత్" అంటేనే "మరియు". తెలుగులో "పత్తి, కంది, జొన్న మొదలైన పంటలు వగైరా" అనడము ఎంత అనవసరమో ఇదీ అంతే.

బోధన

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యా సంవత్సరము నుండి 1 నుండి 8వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమమును ప్రవేశపెట్టి, తెలుగు, ఆంగ్లము పక్కపక్కన ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలను ఇచ్చారు. ఈ రకమైన పుస్తకములో ఒక పుటలో "వంటి" అని ఉన్న తెలుగు వాక్యమును, ఎదుటి పుటలో దానికి సరిపోయే ఆంగ్ల వాక్యమును పోల్చి, సంధాయకము ఏది వచ్చినదో, ఎందుకు వచ్చినదో విద్యార్థుల చేత చెప్పించవచ్చును. నియమమును కంఠస్థము చేయించడము కంటే, తెలుగు వాక్యము చివరి మాటను ముందుగా చూడమనడము ఎక్కువ ఉపయోగకరము.

సంగ్రహము

* తెలుగులో "ఊ" చేర్చగలిగితే ("పత్తీ, కందీ పండుతాయి"): "అండ్".
* "ఏదైనా ఒకటి" అని చెప్పగలిగితే: "ఆర్".
* "గానీ... గానీ" అని చెప్పగలిగితే: "ఆర్".
* వర్గ నామము ఏకవచనమైతే: "ఆర్".
* "నాట్" జాబితాకు ముందుంటే "ఆర్", జాబితా కర్తగా ముందుంటే "అండ్".
* జాబితా పూర్తిదైతే "సచ్ యాజ్", "ఎట్సెటరా" వాడరాదు.
* హక్కు గాని, శిక్ష గాని, సొమ్ము గాని ముడిపడి ఉంటే "అన్నీ" లేదా "ఏదైనా ఒకటి" అని విడిగా చెప్పాలి.

ఇవి కూడా చూడండి

* ఆంగ్ల భాష
* తెలుగు వ్యాకరణము
* ద్వంద్వ సమాసము
* నారాయణఖేడ్
* రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టము, 1956